షుగర్ కంటికి చైనా మూలికలు: వేళ్లు పాతవి, మాత్ర కొత్తది

[తెర మీద: అరచేతిలో చిన్న చిన్న గోధుమరంగు గోళీలు]

ఇవి చూడండి. మిరియం గింజకన్నా చిన్నవి. నాలుక కింద పెట్టుకుంటే చల్లగా కర్పూరం వాసన కొడుతుంది. కొట్టదా మరి, ఇందులో వేసే బోర్నియోల్ మన పచ్చకర్పూరానికి దగ్గరి చుట్టం. దానితో పాటు దాన్‌షెన్ అనే ఎర్ర వేరు, సాన్‌చీ అనే జిన్సెంగ్ జాతి వేరు. అంతే, మూడే సరుకులు. చైనాలో దీన్ని గుండెనొప్పికి ఎప్పటినుంచో వాడుతున్నారు. ఇప్పుడు షుగర్ వల్ల రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే పొర) దెబ్బతినే జబ్బుకీ, అదీ తొలిదశలో, ఇస్తున్నారు.

తొలిదశలో కంట్లో ఏం జరుగుతుంది?

[బొమ్మ: రెటీనా, ఎర్రటి చుక్కలు, పసుపు మచ్చలు]

పాత సైకిల్ ట్యూబులో గాలి కొడితే పలచబడ్డ చోట బుడగ లేస్తుంది కదా, అలాగే రెటీనాలోని సన్నటి రక్తనాళాల గోడలు ఉబ్బుతాయి. వాటిలోంచి నీరు, కొవ్వు కారి మచ్చలు కడతాయి. మనిషికి మాత్రం ఏమీ తెలియదు. పేపర్ చదువుతాడు, బండి నడుపుతాడు, "నా కళ్లకేం, భేషుగ్గా ఉన్నాయి" అంటాడు.

నాకు ఆసక్తిగా అనిపించిన సంగతి ఇక్కడే ఉంది. మనం మధుమేహం అన్నట్టే చైనావాళ్లు షుగర్‌ని "షియావ్‌కే" అన్నారు. దాహం వేస్తూ మనిషి కరిగిపోయే జబ్బు అని. రెండు వేల ఏళ్ల నాటి వాళ్ల వైద్యగ్రంథంలోనే దాని ప్రస్తావన ఉంది. కళ్లలో మబ్బులు కదలడం, ఉన్నట్టుండి చూపు పోవడం కూడా వాళ్ల పాత వైద్యులు రాసిపెట్టారు. కానీ అవి జబ్బు ముదిరాక కనబడే లక్షణాలు. తొలిదశను చూడాలంటే కంటి లోపలికి తొంగి చూసే పరికరం కావాలి. జర్మనీలో హెల్మ్‌హోల్ట్స్ అనే శాస్త్రవేత్త దాన్ని తయారుచేసింది 1851లో! కాబట్టి "వేల ఏళ్ల నాటి మందు" అని ఎవరైనా అమ్మజూపితే, వేళ్ల వరకే ఆ మాట నిజం. ఈ జబ్బుకు ఈ మాత్ర మాత్రం ఆధునిక కాలపు ఆలోచన.

ఇదే కంటి జబ్బుకు ఛీమింగ్ గుళికలని ఇంకో మందుంది. అందులో గోజీ పండ్లు, ఎండబెట్టిన జలగ (అవును, జలగే), జ్యువేమింగ్ గింజలు ఉంటాయి. ఆ గింజలు మన తగిరిస జాతివే. వానలు పడగానే రోడ్డు పక్కన మొలుస్తుందే, లేత ఆకు కూర వండుకుంటామే, అదే. అలాగని గింజలు ఏరుకొచ్చి కషాయం కాచుకోకండి.

మరి పనిచేస్తాయా?

దాన్‌షెన్ గోళీల మీద చైనాలో 223 మందితో 24 వారాల పరీక్ష జరిగింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకన్నా అసలు మందు వేసుకున్నవాళ్ల రెటీనా ఫొటోలు మెరుగయ్యాయి. మంచిదే. కానీ ఈ జబ్బు చూపు తీయడానికి ఏళ్లు పడుతుంది. ఆరు నెలల ఫొటో చూసి చూపు నిలిచిందని నేనైతే అనలేను. ఒక్కో మూలిక మీద వచ్చిన పరీక్షలను 2018లో కాక్రేన్ అనే, వైద్య పరీక్షలను బేరీజు వేసే సంస్థ జల్లెడ పట్టి, గట్టిగా ఏదీ తేల్చలేమంది.

దీనికి పక్కన ఇంకోటి పెట్టి చూడండి. కొవ్వు తగ్గించడానికి వాడే ఫెనోఫైబ్రేట్ అనే పాత మాత్రను స్కాట్లండ్‌లో 1,151 మంది మీద ఏళ్ల తరబడి పరీక్షించి 2024లో ఫలితాలిచ్చారు. తొలిదశ జబ్బు ముదిరే అవకాశం 27 శాతం తగ్గింది. దీని గురించి డాక్టర్‌ని అడగండి, సొంతంగా కొనుక్కోవద్దు.

[తెర మీద పెద్ద అక్షరాలు: వార్ఫరిన్ వాడేవారు ఆగండి]

రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్లు దాన్‌షెన్, గోజీ జోలికి పోతే రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు డాక్టర్‌కి చెప్పరు. అదే నా టెన్షన్.

టైప్ 2 షుగర్ బయటపడిన రోజుల్లోనే రెటీనా పరీక్ష చేయించుకోవాలి, ఆ తర్వాత సాధారణంగా ఏడాదికోసారి. కంట్లో చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేస్తారు. కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, ఎండ చూడలేరు. నల్ల కళ్లద్దాలు తీసుకెళ్లండి, బండి నడపడానికి ఇంకొకర్ని వెంట పెట్టుకోండి.