నదినీళ్లలో మందుబిళ్ల: యంత్రం ఎక్కకముందే తేలిపోయే లెక్క

(పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ పూర్తి పాఠం. మాట్లాడుతున్నది యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగం నుంచి ఒకరు, బయోకెమిస్ట్రీ విభాగం నుంచి ఒకరు.)

కెమిస్ట్: ఈసారి ఒక్కటే పని తీసుకుందాం మేడమ్. నది నుంచి లీటరు నీళ్లు తెచ్చారు. అందులో డైక్లోఫెనాక్ ఎంతుంది, కార్బమజెపైన్ ఎంతుంది, సిప్రోఫ్లాక్సాసిన్ ఎంతుంది? నొప్పి మందు, మూర్ఛ మందు, యాంటీబయాటిక్. మూడూ మూడు రకాల తలనొప్పులు.

బయోకెమిస్ట్: ఎంతుందో మీరు చెప్పండి సార్. అంత ఉంటే జీవాలకు ఏమవుతుందో నేను చెబుతా. ముందు అసలు మందు నీళ్లలోకి ఎలా వస్తుందో రెండు ముక్కల్లో చెప్పేస్తాను.

కెమిస్ట్: చెప్పండి.

బయోకెమిస్ట్: మింగిన మందంతా ఒంట్లోనే అయిపోదు. కొంత అలాగే బయటికి పోతుంది. కొంతదానికి లివరు గ్లూకురోనిక్ యాసిడ్ తగిలించి, నీళ్లలో బాగా కరిగేలా చేసి మూత్రంలోకి పంపుతుంది. మురుగు శుద్ధి కేంద్రానికి చేరాక అక్కడి బ్యాక్టీరియా ఎంజైములు ఆ తగిలించిన తోకను ఊడగొడతాయి. పాత మందు మళ్లీ ప్రత్యక్షం! అందుకే కార్బమజెపైన్ కొన్నిసార్లు లోపలికొచ్చే మురుగులో కంటే శుద్ధయి బయటికెళ్లే నీళ్లలోనే ఎక్కువ కనిపిస్తుంది. అది చూసి ఎక్కడో తప్పు జరిగిందనుకుని ఆ డేటా తీసేసేవాళ్లున్నారు. తీసెయ్యక్కర్లేదు.

కెమిస్ట్: అయితే ఒకటి చూసుకోవాలి. లోపలి నీళ్లు, బయటి నీళ్లు ఒకే గంటలో పట్టి పోలిస్తే అవి ఒకే నీళ్లు కావు. మురుగు ట్యాంకుల్లో గంటల తరబడి ఉంటుంది కదా. 24 గంటల పాటు కొంచెం కొంచెంగా పట్టి కలిపిన శాంపిల్ కావాలి. ఒక్కసారి ముంచి తెచ్చిన సీసాతో "ఇంత శాతం తగ్గింది" అని రాయడం కుదరదు.

బయోకెమిస్ట్: సీసా సంగతి చెప్పండి.

కెమిస్ట్: గోధుమరంగు గాజుసీసా. డైక్లోఫెనాక్, సిప్రోఫ్లాక్సాసిన్ రెండూ వెలుతురుకి విరిగిపోతాయి కాబట్టి తెల్లసీసా పనికిరాదు. ముందే మెథనాల్‌తో కడిగి, ఆరబెట్టి, అక్కడ ఆ నది నీళ్లతోనే మూడుసార్లు తొలిచి పట్టాలి. క్లోరిన్ కలిపిన నీళ్లయితే లీటరుకు 80 మిల్లీగ్రాముల సోడియం థయోసల్ఫేట్ సీసాలో ముందే వేసి ఉంచాలి. లేకపోతే దారిలోనే క్లోరిన్ మందుల్ని తినేస్తుంది. ఐసు పెట్టెలో 4 డిగ్రీల దగ్గర తెచ్చి 48 గంటల్లోపు కాట్రిడ్జ్, అంటే నీళ్లు దిగుతుంటే మందుని పట్టి ఉంచే చిన్న గొట్టం, ఎక్కించాలి.

బయోకెమిస్ట్: గ్లౌజులు?

కెమిస్ట్: తప్పనిసరి, అదీ కొత్తవి. ఒక చిన్న లెక్క చెబుతా. నడుంనొప్పికి రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ 1 శాతంది అనుకోండి. వేలికి అంటిన జెల్ ఒక్క మిల్లీగ్రామే, కంటికి ఆనదు. అందులో మందు 10 మైక్రోగ్రాములు. అది లీటరు సీసాలో పడితే 10,000 నానోగ్రాములు. మనం నదిలో వెతుకుతున్నది పదుల్లో, వందల్లో నానోగ్రాములు. కాబట్టి ఆ జెల్ రాసుకున్న చెయ్యి ఆరోజు శాంపిల్ పట్టకూడదు. కాఫీ తాగుతూ పడితే కెఫీన్, దోమల క్రీము రాసుకుని పడితే అందులోని డీట్, ఇలా ఒక్కోదానికి ఒక్కో దొంగ ఉంటాడు.

బయోకెమిస్ట్: మరి ఆ దొంగ దూరాడని ఎలా తెలుస్తుంది?

కెమిస్ట్: ఫీల్డ్ బ్లాంక్. ల్యాబ్ నుంచి శుద్ధమైన నీళ్లు సీసాలో తీసుకెళ్లి, నది ఒడ్డున మూత తీసి, ఇంకో సీసాలోకి ఒంపి, మిగతా శాంపిళ్లతో పాటే వెనక్కి తేవాలి. దాంట్లో డైక్లోఫెనాక్ కనపడిందా, ఆ రోజు తెచ్చినవన్నీ అనుమానమే. అలాగే ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్‌కీ ఒక ప్రొసీజర్ బ్లాంక్, అంటే శుద్ధమైన నీళ్లకే పద్ధతంతా చేసి చూడడం. మామూలుగా కోత పడేది వీటికే, "శాంపిళ్లే ఎక్కువున్నాయి, బ్లాంకులు తర్వాత చూద్దాం" అని. నా మటుకు నేను రెండు శాంపిళ్లైనా తగ్గించుకుంటాను, బ్లాంకు మాత్రం వదలను.

బయోకెమిస్ట్: ల్యాబ్‌కి వచ్చాక వడపోత.

కెమిస్ట్: 0.7 మైక్రాన్ల గ్లాస్ ఫైబర్ ఫిల్టర్. ఇక్కడ ఒక మాట. సిప్రోఫ్లాక్సాసిన్ బురద రేణువుల్ని గట్టిగా పట్టుకుంటుంది. వడకడితే అది ఫిల్టర్ మీదే ఉండిపోతుంది. కాబట్టి మనం చెప్పే అంకె "నీళ్లలో కరిగి ఉన్నది" మాత్రమే. పేపర్లో ఆ మాట స్పష్టంగా రాయాలి. మొత్తం కావాలంటే ఫిల్టర్‌ని కూడా విడిగా తీసి కొలవాల్సిందే.

వడకట్టిన 500 మిల్లీలీటర్లలో ఇంటర్నల్ స్టాండర్డ్ వేస్తాం. అంటే హైడ్రోజన్ బదులు డ్యుటీరియం పెట్టి తయారుచేసిన అదే మందు. డైక్లోఫెనాక్ డీ-4, కార్బమజెపైన్ డీ-10, సిప్రోఫ్లాక్సాసిన్ డీ-8. ఒక్కోటి 50 నానోగ్రాములు. దీన్ని కాట్రిడ్జ్‌కి ముందే వెయ్యాలి. చివర్లో వేస్తే మధ్యలో ఎంత పోయిందో అది చెప్పలేదు.

తర్వాత ఈడీటీఏ, 500 మిల్లీలీటర్లకు పావు గ్రాము. సిప్రోఫ్లాక్సాసిన్, టెట్రాసైక్లిన్ లాంటివి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో జట్టుకడతాయి. ఆ లోహాల్ని ఈడీటీఏ లాగేసుకుంటే మందు విడుదలవుతుంది. అప్పుడు పీహెచ్ 3 దగ్గరికి దించుతాం. డైక్లోఫెనాక్ పీకేఏ, అంటే సగం అణువులకి చార్జ్ ఉండే పీహెచ్, 4 పైచిలుకు, 3 దగ్గర దాదాపు అంతా చార్జ్ లేని రూపంలో ఉండి కాట్రిడ్జ్‌ని పట్టుకుంటుంది. ఇంకా కిందికి తోయకండి. 2 కంటే దిగితే ఈడీటీఏ తెల్లగా పేరుకుంటుంది, కాట్రిడ్జ్ మూసుకుపోతుంది.

బయోకెమిస్ట్: అదే బ్యాచ్‌లో ఎరిత్రోమైసిన్ ఉంటే?

కెమిస్ట్: ఆమ్లంలో దానికి నీటి అణువొకటి ఊడిపోతుంది. యంత్రంలో దాని అయాన్ బరువు 734 దగ్గర వెతికితే ఏమీ కనపడదు, 716 దగ్గర కూర్చుని ఉంటుంది. దాని కోసం మామూలు పీహెచ్‌లో ఇంకో 500 మిల్లీలీటర్లు విడిగా ఎక్కించడమే మేలు. అన్ని మందులకీ ఒకే పద్ధతి అన్నవాళ్ల రికవరీ పట్టిక, అంటే వేసిన మందులో ఎంత తిరిగి దొరికిందో చెప్పేది, ఓసారి అడిగి చూడండి.

కాట్రిడ్జ్ అంటే హెచ్‌ఎల్‌బీ, నీళ్లనీ నూనెనీ రెండింటినీ ఇష్టపడే పొడి నింపినది, 200 మిల్లీగ్రాములది. ముందు దాన్ని తడపాలి: 5 మిల్లీలీటర్ల మెథనాల్, తర్వాత 5 మిల్లీలీటర్ల పీహెచ్ 3 నీళ్లు. మెథనాల్ పోసింది మొదలు శాంపిల్ అంతా దిగేదాకా ఎండనివ్వకపోతే మంచిది. శాంపిల్ నిమిషానికి 5 మిల్లీలీటర్ల చొప్పున దిగాలి, అంటే 500కి గంటా నలభై నిమిషాలు. సాయంత్రమైందని వాక్యూమ్ పెంచితే మందు పట్టుకునే తీరిక లేక కిందికి జారిపోతుంది. అనుమానమొస్తే ఒక కాట్రిడ్జ్ కింద ఇంకోటి తగిలించి, కిందిదాన్ని విడిగా కొలవండి. అందులో మందు దొరికితే పైది చాలట్లేదన్నట్టే.

అంతా దిగాక 10 మిల్లీలీటర్ల నీళ్లతో కడగాలి, ఈడీటీఏ పోవాలి కదా. లేకపోతే అది అయాన్ల బరువు చూసే యంత్రం, మాస్ స్పెక్ట్రోమీటర్ మూతి మీద పేరుకుంటుంది. తర్వాత అరగంట వాక్యూమ్‌లో ఆరబెట్టాలి. తడి మిగిలితే నైట్రోజన్ కింద మెథనాల్ ఆవిరయ్యాక కూడా అడుగున నీటి చుక్క కదలదు. చివరగా మెథనాల్‌తో రెండుసార్లు, ఒక్కోసారి 4 మిల్లీలీటర్లు దింపి, 40 డిగ్రీల దగ్గర నైట్రోజన్‌తో 0.1 మిల్లీలీటర్ దాకా తగ్గించాలి. పూర్తిగా ఎండగొట్టకండి, కొన్ని గాజుకే అంటుకుని మళ్లీ రావు. నీళ్లు పోసి 1 మిల్లీలీటర్ చేస్తే 10 శాతం మెథనాల్‌లో ఉన్నట్టు. 500 ఒకటైంది, అంటే 500 రెట్లు చిక్కబడింది.

బయోకెమిస్ట్: మందే కాదు, నదిలో ఉన్న చెత్త కూడా 500 రెట్లు చిక్కబడింది.

కెమిస్ట్: అసలు తంటా అదే! యంత్రం పని నిజానికి తేలిక. పదార్థాల్ని ఒకదాని తర్వాత ఒకటి విడదీసి దింపే సీ-18 కాలమ్, 0.1 శాతం ఫార్మిక్ యాసిడ్ నీళ్లు, ఎసిటోనైట్రైల్. పాజిటివ్ చార్జ్‌లో మొత్తం అయాన్ బరువు నుంచి విరిగిన ముక్క బరువు చూస్తాం: కార్బమజెపైన్ 237 నుంచి 194, డైక్లోఫెనాక్ 296 నుంచి 214, సిప్రోఫ్లాక్సాసిన్ 332 నుంచి 314. కానీ ఆకులు కుళ్లి వచ్చే హ్యూమిక్ పదార్థాలు అదే క్షణంలో కాలమ్ దిగితే, చార్జ్ కోసం మందుతో పోటీపడతాయి. పీక్ చిన్నదవుతుంది. శుభ్రమైన ద్రావణంతో గీసిన కర్వ్ (పీక్ సైజుని మందు మోతాదుగా మార్చే గీత) పెట్టి చూస్తే, అసలు 100 నానోగ్రాములున్నచోట 40 అని చూపిస్తుంది. డ్యుటీరియం జంట కూడా అదే క్షణంలో దిగుతుంది కాబట్టి అదీ అంతే తగ్గుతుంది. రెండింటి నిష్పత్తి చెక్కుచెదరదు.

బయోకెమిస్ట్: సరిగ్గా అదే క్షణంలో దిగుతుందా? డ్యుటీరియంది కొంచెం ముందే వస్తుంది కదా.

కెమిస్ట్: వస్తుంది. డీ-4 అయితే తేడా తక్కువే, డీ-10 అయితే కంటికి కనిపిస్తుంది. ఆ కాస్త తేడాలో హ్యూమిక్ పదార్థం ఎక్కువతక్కువలైతే దిద్దుబాటు తప్పుతుంది. కార్బన్-13 పెట్టిన స్టాండర్డ్ దొరికితే ఈ బాధ లేదు, మందుతో కలిసే దిగుతుంది. ధర మాత్రం ఎక్కువ.

ఇంకోటి, మెట్‌ఫార్మిన్ కూడా ఇందులోనే చూసేద్దామంటారు. అది నీళ్లనే ఇష్టపడే అణువు. హెచ్‌ఎల్‌బీ మీద నిలవదు, సీ-18 మీద మొదట్లోనే జారిపోతుంది. "మెట్‌ఫార్మిన్ లేదు" అని రాసిన చోట అది ల్యాబ్ సింకులో ఉండి ఉంటుంది. దానికి పాజిటివ్ చార్జ్ ఉన్నవాటిని పట్టే కేటయాన్ ఎక్స్‌ఛేంజ్ కాట్రిడ్జ్, నీళ్లని ఇష్టపడేవాటిని నిలిపే హిలిక్ కాలమ్ కావాలి. సరే, అంకె వచ్చింది. ఇక మీ వంతు మేడమ్.

బయోకెమిస్ట్: ఒక్క అంకె ఏ జీవిని ఎంత బాధిస్తుందో మందుని బట్టి మారిపోతుంది సార్. డైక్లోఫెనాక్‌నే చూడండి, మనిషికి నొప్పి మందు. పశువులకి వేశాక అవి చస్తే, ఆ కళేబరాల్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై యూరిక్ యాసిడ్ లోపల తెల్లగా పేరుకుంది. 2004లో పాకిస్థాన్‌లో చేసిన అధ్యయనం ఆ సంగతి తేల్చింది, 2006లో భారత్ పశువులకు వాడే డైక్లోఫెనాక్ మీద నిషేధం పెట్టింది. కానీ ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లి డైక్లోఫెనాకే అవుతుంది. పేరు చూసి నిషేధిస్తే చాలదు, ఒంట్లో ఏమవుతుందో చూడాలి. దాన్ని 2023లో ఆపారు.

కెమిస్ట్: ల్యాబ్ పరీక్షలో ఇది దొరికేదా?

బయోకెమిస్ట్: నీటిపురుగు డాఫ్నియాతో అయితే దొరకదు. 24 గంటల లోపు వయసున్న పిల్లల్ని గాఢతకి 20 చొప్పున, గాజుగిన్నెకి ఐదేసి వేసి, 48 గంటలయ్యాక ఎన్ని కదలట్లేదో లెక్కపెడతాం. ఆ పరీక్ష చెప్పేది వెంటనే పనిచేసే విషం గురించే. మందు నీళ్లలో కరగక మెథనాలో ఇంకేదో కలిపితే, మందు లేకుండా ఆ ద్రావణి ఒక్కటే ఉన్న గిన్నె కూడా పెట్టాలి. లేదంటే చచ్చింది మందుకో మెథనాల్‌కో తెలియదు.

నెమ్మదిగా చేసే హాని వేరు. కెనడాలో ఒక ప్రయోగ సరస్సులో గర్భనిరోధక మాత్రల్లోని ఇథినైల్ ఎస్ట్రడయోల్‌ని లీటరుకు 5, 6 నానోగ్రాములుండేలా మూడేళ్లు కలిపారు. మగచేపల్లో గుడ్డుసొన ప్రొటీన్ విటెల్లోజెనిన్ తయారైంది, ఫ్యాట్‌హెడ్ మిన్నో చేపల సంఖ్య దాదాపు కుప్పకూలింది. ఆ ఫలితాలు 2007లో వచ్చాయి. 48 గంటల పరీక్షకి ఇది అందేది కాదు.

కెమిస్ట్: యాంటీబయాటిక్ విషయంలో?

బయోకెమిస్ట్: బ్యాక్టీరియా పెరక్కుండా ఆపే కనీస మోతాదు కంటే తక్కువుంటే పర్వాలేదనుకునేవాళ్లం. 2011లో వచ్చిన పని ఆ నమ్మకాన్ని కదిపింది. ఆ మోతాదులో నాలుగో వంతు దగ్గర నుంచి 230వ వంతు దాకా, రకాన్ని బట్టి, మందుకి తట్టుకునే బ్యాక్టీరియాదే పైచేయి అవుతుంది. అందుకే నీళ్ల నుంచి డీఎన్‌ఏ తీసి, డీఎన్‌ఏని నకళ్లు తీస్తూ లెక్కించే క్యూపీసీఆర్‌తో, మందుని తట్టుకోవడానికి సంబంధించిన సల్-1, ఇంటీ-1 లాంటి జన్యువుల్ని లెక్కపెడతాం. మీ హ్యూమిక్ పదార్థం ఇక్కడ కూడా వదలదు, ఆ నకళ్లు తీసే ఎంజైమ్ పాలిమరేజ్‌ని అడ్డుకుంటుంది. పరీక్ష సులువే. డీఎన్‌ఏని పది రెట్లు పలచన చేస్తే సీటీ విలువ (సిగ్నల్ కనపడడానికి పట్టే నకళ్ల చుట్ల సంఖ్య) 3.3 దాకా పెరగాలి. ఒకటిన్నరే పెరిగిందంటే చిక్కటి గొట్టంలో ఎంజైమ్‌కి ఊపిరాడట్లేదు. అప్పుడు పలచనదాంట్లో వచ్చిన లెక్కే తీసుకోవాలి.

కెమిస్ట్: చివరికి ప్రమాదం ఉందా లేదా అన్నది ఎలా చెబుతారు?

బయోకెమిస్ట్: మీరు కొలిచినదాన్ని, హాని చెయ్యదనుకునే గాఢతతో భాగిస్తాం. 1 దాటితే ఆందోళన. ఆ రెండో సంఖ్యలోనే కిటుకుంది. 48 గంటల పరీక్షల్లాంటివే ఉంటే వాటి ఫలితాన్ని 1000తో భాగించాలి. నాచు, డాఫ్నియా, చేప మూడింటి మీదా దీర్ఘకాల పరీక్షలుంటే 10 చాలు. కాబట్టి రెండు పేపర్లలో నిష్పత్తి వంద రెట్లు తేడా ఉంటే నది మారిందనుకోకండి, భాజకం మారిందేమో చూడండి.

కెమిస్ట్: అక్కడే మా వైపు తప్పొకటి జరుగుతుంది. పీక్ రాకపోతే పట్టికలో సున్నా వేసేస్తారు. సున్నా కాదు, "మా కొలత హద్దుకి తక్కువ" అని, ఆ హద్దెంతో రాయాలి.

బయోకెమిస్ట్: ఆ హద్దు నా సంఖ్య కంటే కింద ఉండాలి కూడా. ఇథినైల్ ఎస్ట్రడయోల్‌కి 2012లో యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించిన విలువ లీటరుకు 0.035 నానోగ్రాములు. మీ హద్దు 1 నానోగ్రాము అయితే, మీకు కనపడకపోయినా నది దాదాపు 30 రెట్లు హద్దు మీరి ఉండొచ్చు.

కెమిస్ట్: దానికి మాకున్న దారి డాన్సిల్ క్లోరైడ్. ఆ హార్మోన్‌కి ఎలక్ట్రోస్ప్రేలో, అంటే యంత్రంలోకి తుంపర్లుగా చిమ్మి చార్జ్ ఎక్కించే చోట, సరిగా చార్జ్ ఎక్కదు. పీహెచ్ 10.5 బైకార్బొనేట్‌లో 60 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు డాన్సిల్ క్లోరైడ్‌తో ఉంచితే, దాని ఫినాల్‌కి నైట్రోజన్ ఉన్న తోక అతుక్కుంటుంది, సిగ్నల్ బాగా పెరుగుతుంది. రియేజెంట్ అసిటోన్‌లో అప్పటికప్పుడు కలిపినదై ఉండాలి, తడి తగిలితే విరిగిపోతుంది. విడిపోయే ముక్క 171 అన్ని ఫినాల్స్‌కీ ఒకటే కాబట్టి, దాన్నొక్కదాన్నే నమ్మి పేరు పెట్టకూడదు. కాలమ్‌లో దిగే సమయం స్టాండర్డ్‌తో పక్కాగా కలవాలి. అరలీటరు కాదు, రెండు లీటర్లు ఎక్కించాలి.