మా బ్యాచ్ పుస్తకంలో ఒక సవరణ

(తిరుపతిలో జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మాకు పాఠాలు చెప్పి ఈ వయసులోనూ శ్రమ తీసుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్న గురువులకు, నాకంటే ముందూ నా తరువాతా ఈ ప్రాంగణంలో చదువుకున్న మిత్రులందరికీ నమస్కారం.

పూర్వ విద్యార్థులు అందుకున్న ఉన్నతి, వారు నెలకొల్పిన కొత్త సంస్థలు, విశ్వవిద్యాలయానికి వారు చేయగలిగిన సహాయం అనే మూడు అంశాల మీద ఇరవై నిమిషాలు మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. మూడింటికీ నోట్సు రాసుకుని వచ్చాను. మొదటి అంశం మనందరికీ గర్వకారణం కనుక దానితోనే మొదలుపెడతాను.

1954లో తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చిన నేల మీద వెలసిన మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రాయలసీమ జిల్లాలకూ నెల్లూరుకూ చాలా కాలం ఏకైక విశ్వవిద్యాలయంగా ఉండేది. 1968లో అనంతపురంలో తెరిచిన దాని పీజీ కేంద్రమే 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. మన ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, అమెరికాలో ఉద్యోగం చేసి, తిరిగి సొంత జిల్లాకు వచ్చిన గల్లా రామచంద్ర నాయుడు గారు 1985లో అమరరాజా సంస్థను స్థాపించి, కరకంబాడిలో బ్యాటరీల కర్మాగారం నడిపి, చుట్టుపక్కల పల్లెల పిల్లలు మద్రాసుకో బెంగళూరుకో పోకుండానే జీతం తెచ్చుకునే వీలు కల్పించారు. తిరుపతి దగ్గరి గాదంకిలో రేడియో తరంగాలతో పై వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ 1990ల తొలినాళ్లలో పని ప్రారంభించాక, మన భౌతికశాస్త్ర విభాగం పరిశోధక విద్యార్థులు రాత్రుళ్లు అక్కడ మేలుకుని గాలుల వేగాలు లెక్కగట్టి డాక్టరేట్లు తీసుకున్నారు. ఇవన్నీ అందరికీ తెలిసినవే. వీరి పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి, ఉండాలి కూడా.

రెండవ అంశానికి వస్తే, అంటే కొత్త సంస్థల విషయానికి వస్తే, నేను నోట్సు పక్కన పెట్టి ఒక తప్పు ఒప్పుకోవాలి. ఈ సభ నాకు అందుకే కావలసి వచ్చింది.

మేము 1986లో జీవరసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేరాము. 2013లో మా బ్యాచ్ రజతోత్సవానికి ఒక పుస్తకం వేయాలనుకున్నప్పుడు, చిత్తూరులో కళాశాల అధ్యాపకురాలిగా ఉన్న నాకు ఆ పని అప్పగించారు. అందరికీ ఒక పత్రం పంపాను. అందులో పేరు, ప్రస్తుత ఉద్యోగం, సంస్థ, హోదా, దేశం అనే గడులు ఉన్నాయి. ఆ గడులు గీసింది నేనే. అమెరికాలో ఉన్నవారికి దేశం గడి, ప్రభుత్వోద్యోగులకు హోదా గడి చక్కగా సరిపోయాయి. మా బ్యాచ్‌లో పదకొండు మంది ఆడపిల్లలం. అందులో ఆరుగురి పేర్లకు ఎదురుగా నేను ‘గృహిణి’ అని టైపు చేసి, అచ్చు వేయించి, ఈ ఊరిలోనే ఘనంగా ఆవిష్కరింపజేశాను.

ఆ ఆరుగురిలో ఒకరు రెండేళ్లపాటు హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు. నేను ఫోను చేసినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "నా పేరు కింద ఏం రాయమంటావే? పేపర్ల మీద నేనేమీ కాదు కదా" అన్నది. నేను అడగవలసిన ప్రశ్న అడగకుండా, పుస్తకం అచ్చుకు వెళ్లాలన్న తొందరలో, సులువైన మాట రాసేశాను.

పేపర్ల మీద ఏమీ కాని ఆ మనిషి చేసిన పని ఏమిటో మీకు చెప్పాలి. బంగారుపాళెం పక్కన అత్తవారి ఊరిలో, తోతాపురి తోటల మధ్య, మామిడి గుజ్జు తీసి డబ్బాల్లో నింపే చిన్న ఫ్యాక్టరీ ఆమె ఆలోచన. గుజ్జు తీపిని బ్రిక్స్ డిగ్రీల్లో చూసే రిఫ్రాక్టోమీటరును తన గాజులు అమ్మి కొన్నది. తోతాపురిలో పులుపు ఎక్కువ కనుక గుజ్జు పీహెచ్ 4.6 కంటే తక్కువగా ఉంటుందని, అంత ఆమ్లగుణం ఉన్నచోట ప్రాణాంతకమైన బొట్యులినం క్రిమి పెరగలేదని, అయినా ప్రతి వంటకీ పీహెచ్ చూడవలసిందేనని పనివాళ్లకు నేర్పింది. మనం ఇక్కడ ప్రయోగశాలలో నేర్చుకుని, పరీక్ష రాసి, మరిచిపోయిన చదువు అది.

రెండో ఏడు డబ్బాలు ఉబ్బాయి. గోడౌనులో వరుసగా పేర్చిన మూడు కిలోల డబ్బాలు ఒకదాని తరువాత ఒకటి పొంగి, మూతలు లేచి, పుల్లని వాసన వేశాయి. సరుకు కొంటామన్నవారు వెనక్కి తిరిగారు. ఊళ్లో అందరూ ముహూర్తం బాగాలేదన్నారు. ఆమె మాత్రం ఒక్కో డబ్బా మూతను రంపంతో కోసి, అంచు మడత ఎక్కడ వదులుగా ఉందో కొలిచి, కారణం పట్టుకున్నది. వేడి గుజ్జు నింపి మూత బిగించిన డబ్బాను చల్లార్చేటప్పుడు లోపల గాలి కుంచించుకుపోయి శూన్యం ఏర్పడుతుంది. అంచు మడత సరిగా పడకపోతే ఆ శూన్యం బయటి నీటి చుక్కను లోపలికి లాక్కుంటుంది. చల్లార్చే నీటిలో క్లోరిన్ లేకపోతే ఆ చుక్కతోపాటే క్రిములూ డబ్బా లోపలికి చేరతాయి. వంట సరిగానే జరిగింది, పాడైనది చల్లార్చే తొట్టి దగ్గర. ఆ సరుకంతా తోట వెనుక గుంత తీసి పూడ్చిపెట్టారు. అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది. అయిదో ఏట డబ్బా అంచు మడిచి బిగించే కొత్త సీమింగ్ యంత్రంతో, క్లోరిన్ కొలిచి కలిపిన నీటితో మళ్లీ పొయ్యి వెలిగించింది. ఇప్పుడు సీజనులో నలభై మంది, ఎక్కువమంది ఆడవాళ్లే, అక్కడ పని చేస్తున్నారు.

మరి లైసెన్సు మీద, బ్యాంకు ఖాతాలో, బోర్డు మీద ఆమె పేరు ఎందుకు లేదు? ఆమె భర్తను నేను అన్న అనే పిలుస్తాను. ఆయన మంచి మనిషి, ఈ కథలో దుర్మార్గుడు కాడు. అప్పు కోసం వెళ్లినప్పుడు ఒక బ్యాంకు అధికారి తాకట్టుకు భూమి చూపించమన్నారు. ఆమె పేరున సెంటు భూమి లేదు. భూమి మామగారిది, సంతకం భర్తది, కనుక సంస్థ భర్త పేరున నమోదైంది.

ఆమె పేరున సెంటు భూమి ఎందుకు లేదన్నది నేను మరింత ఆలస్యంగా తెలుసుకున్న సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి 1986లో సవరణ వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఉంటుందని అది చెప్పింది. దేశమంతటికీ అటువంటి హక్కు రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. మేము హాస్టల్లో చేరిన ఏటనే, మా గదిలోనే, ఆ చట్టం వర్తించే ఆడపిల్ల ఒకతె ఉన్నది. మేమిద్దరం దాని గురించి ఒక్కసారైనా మాట్లాడుకోలేదు. పెళ్లికి ముందు వారం తండ్రి తెచ్చిన, ఆస్తిలో వాటా వదులుకుంటున్నానని రాసి ఇచ్చే విడుదల పత్రం మీద, కట్నం ఇస్తున్నారు కదా అని, ఆమె చదవకుండా సంతకం పెట్టింది. ఎమ్మెస్సీలో మొదటి తరగతిలో పాసైన మనిషి!

ఇక్కడ ఉన్న సోదరీమణులను ఒక మాట అడుగుతాను, దయచేసి మొహమాటపడకండి. మీరు నడుపుతున్న ట్యూషన్ సెంటరు, రక్తపరీక్షల ల్యాబు, పాల కేంద్రం, బట్టల దుకాణం ఇంట్లో ఇంకొకరి పేరు మీద ఉన్నట్లయితే చేయి ఎత్తండి. ఎత్తండమ్మా... చూడండి, గురువుగారూ, ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. నేను పది పన్నెండు చేతులు లేస్తాయనుకున్నాను.

ఈ సభకు ముందు ఆ ఆరుగురికీ మళ్లీ ఫోను చేశాను. ఒకరు ఇరవై ఏళ్లుగా ట్యూషన్ సెంటరు నడుపుతున్నారు, బోర్డు మీద భర్త పేరు. ఒకరు రక్తపరీక్షల ల్యాబులో ప్రతి రిపోర్టూ తానే చూస్తారు, సంతకం ఇంకొకరిది. ఒకరి పాల కేంద్రం కొడుకు పేరున ఉన్నది. మిగిలిన ఇద్దరు "మేము ఇల్లే చూసుకున్నాము, పిల్లల్ని పెంచాము, నువ్వు రాసింది నిజమే" అన్నారు. వారి పేర్ల ఎదుట ఆ మాట అలాగే ఉంటుంది, అందులో తక్కువేమీ లేదు. మిగతా నలుగురి విషయంలో నేను రాసింది అబద్ధం.

మూడవ అంశం, విశ్వవిద్యాలయానికి మనం చేయగలిగిన సహాయం. భవనాలకు చందాలు ఇచ్చేవారు ఇస్తారు, వారికి నమస్కారం. నేను కోరేది వేరు. బయటికి వెళ్లే ప్రతి పిల్లకూ చివరి సెమిస్టరులో ఒక రోజు మనం వచ్చి కాగితాల సంగతి చెప్పాలి. విడుదల పత్రం అంటే ఏమిటో, దాన్ని చదవకుండా సంతకం చేస్తే ఏం పోతుందో చెప్పాలి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఒక పరిమితి వరకూ, అప్పట్లో అది 10 లక్షల రూపాయలు, ఇచ్చే అప్పుకు తాకట్టు అడగవద్దని రిజర్వు బ్యాంకు 2010లోనే బ్యాంకులకు ఆదేశమిచ్చిందని చెప్పాలి. 2020 జూలై నుంచి ‘ఉద్యమ్’ అనే చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు ఆధార్ సంఖ్యతో, పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చని చెప్పాలి. డబ్బాలు ఉబ్బిన మనిషిని పిలిపించి ఎందుకు ఉబ్బాయో చెప్పించాలి. గెలిచినవాళ్ల ప్రసంగాలు పిల్లలు చాలా వింటున్నారు, సరుకు పూడ్చిపెట్టి మళ్లీ మొదలుపెట్టినవారి మాట వారికి ఎక్కడా వినబడడం లేదు.

ఆమెను ఈ సభకు రమ్మని నేను ఎంతగానో అడిగాను. ఇది తోతాపురి సీజను, పండు ఎవరి కోసమూ ఆగదు. పైగా ఆమె ఇంకా 2025 దెబ్బ నుంచి తేరుకుంటున్నది. ఆ ఏడు ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు దక్కేలా ఏర్పాటు చేయవలసి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఫ్యాక్టరీ రెండు మూడు నెలలే ఆడుతుంది, వడ్డీ మాత్రం పన్నెండు నెలలూ నడుస్తుంది. అందువల్ల రాలేనన్నది. పోయిన నెలలో మాత్రం అన్న తానే ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి, సంస్థను ఇద్దరి భాగస్వామ్యంగా మార్పించి, ఆమె పేరు ముందు రాయించారు.

పుస్తకానికి సవరణ పత్రం అచ్చు వేయిస్తున్నాను. పాత గడులు తీసేసి మూడు ప్రశ్నలు పెట్టాను: మీరు ఏ పని మొదలుపెట్టారు, అది ఎప్పుడైనా ఆగిపోయిందా, ఇప్పుడు అది ఎవరి పేరున ఉంది. ఏ బ్యాచ్ వారైనా నింపవచ్చు. పత్రాలు భోజనాల గదికి వెళ్లే దారిలో బల్ల మీద ఉన్నాయి, కలాలు కూడా పెట్టాను. నాలుగు గంటల లోపల నాకు అందజేయండి. నాలుగున్నర బస్సుకు నేను బంగారుపాళెం వెళ్లాలి, ఆమె పత్రం మీద ఆమె సంతకం ఇంకా తీసుకోలేదు.