మన ఊరి తీర్మానాల పుస్తకం

(కోనసీమ తీరంలోని ఒక మేజర్ పంచాయతీలో, గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక మాజీ వార్డు సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, సర్పంచి గారికి, పంచాయతీ కార్యదర్శి గారికి, గ్రంథాలయాధికారి గారికి, పల్లెపాలెం నుంచీ పేట నుంచీ అగ్రహారం నుంచీ వచ్చిన అక్కచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ, వెనక బల్లల మీద కూర్చున్న పిల్లలకూ నమస్కారం.

ఈ సభలో మాట్లాడమని గ్రంథాలయాధికారి గారు అడిగిన రోజు సాయంత్రం, మా ఇంటి పెట్టెలో దాచిన పాత ఇంటిపన్ను రసీదులు బయటకు తీశాను. ఇంటిపన్ను, కుళాయి పన్ను అనే పెద్ద పద్దుల కింద గ్రంథాలయ పన్ను అని ఒక చిన్న పద్దు ఉంటుంది. ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున పంచాయతీ మన దగ్గర వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం వచ్చిన ఏర్పాటు ఇది. మనం కూర్చున్న ఈ గదికీ, పొద్దున్నే ఈ బల్ల మీద పరిచే పత్రికలకూ, బీరువాల్లోని పుస్తకాలకూ ఆధారం ఆ ఎనిమిది పైసలే. పంచాయతీకీ గ్రంథాలయానికీ ఉన్న ఈ చుట్టరికాన్ని పట్టుకునే ఈ రోజు నేను నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

పొద్దున్న ఏడు గంటలకు ఈ గది తలుపు తీస్తే పెద్దవాళ్లు వచ్చి పత్రికలు చదువుకుంటారు. ఢిల్లీలో ఏ బిల్లు ఆమోదం పొందిందో, అమరావతిలో ఎవరు ఎవరిని ఏమన్నారో, అమెరికాలో వీసాల సంగతి ఏమిటో అందరికీ తెలుసు. కానీ మన మంచినీటి చెరువులో పూడిక తీసి ఎన్నేళ్లయిందో, ఈ ఏడాది సంతలో రుసుము వసూలు చేసుకునే ఆశీలు పాట (వేలం) ఎంతకు పోయిందో, పడమటి వీధి మురుగు కాలువకు పోయిన నెల ఏ తీర్మానం చేశారో అడిగితే సమాధానం చెప్పగలిగినవాళ్లు ఈ గదిలో నలుగురో అయిదుగురో ఉంటారు. ఈ మాట ఎవరినీ తప్పు పట్టడానికి అనడం లేదు. ఈ వార్తలు మన దాకా రావడానికి దారి లేకుండా పోయిందనే నా బాధ.

ఒకప్పుడు ఆ దారి ఉండేది. నా చిన్నతనంలో పంచాయతీ ఏ కబురు చెప్పాలన్నా టముకు వేయించేవారు. రేవు పాట ఫలానా రోజున అనీ, కాలువ కట్టేస్తున్నారు కాబట్టి నీళ్లు పట్టుకోండి అనీ, కలరా సూదులు వేస్తున్నారు అనీ, వీధి మొదట్లో టముకు మోగితే వంటింట్లో ఉన్న ఆడవాళ్లు కూడా గుమ్మంలోకి వచ్చి వినేవాళ్లు. చదువు రానివాళ్లకూ, బయటకు వెళ్లలేని ముసలివాళ్లకూ ఒకే కబురు ఒకే మాటల్లో ఒకేసారి అందేది. ఈ రోజు ఆ పని సెల్‌ఫోన్ చేస్తోందని అంటారు. వాట్సాప్‌లో కబురు త్వరగా వస్తుంది, నిజమే. కానీ ఒక వీధి గుంపులో ఒక మాటా, పక్క వీధి గుంపులో ఇంకో మాటా తిరుగుతుంటే, ఏది పంచాయతీ చెప్పిన మాటో ఏది ఎవరో ఊహించిన మాటో తేల్చుకోవడానికి మన చేతిలో కాగితం ఉండడం లేదు.

1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక, 1995లో జరిగిన ఎన్నికల్లో ఆడవాళ్లకు మూడో వంతు స్థానాలు కేటాయించడం వల్ల నేను వార్డు సభ్యురాలిని అయ్యాను. అంతకు ముందు పంచాయతీ ఆఫీసు మెట్లు ఎక్కిన దాన్ని కాదు. మొదటి సమావేశంలో తీర్మానాల పుస్తకం నా ముందుకు జరిపి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించారు. పెట్టాను. రెండో నెలా అలాగే పెట్టాను. మూడో నెలలో, నేను సంతకం పెట్టిన ఒక తీర్మానం గురించి మా వీధిలో ఒక పెద్దావిడ, "అమ్మాయ్, మా ఇంటి ముందు కల్వర్టు సంగతి ఏం రాశారే?" అని అడిగింది. నాకు తెలియదు. ఆ రోజు ఇంటికి వచ్చి పడిన సిగ్గు ఇప్పటికీ గుర్తుంది. ఆ తరవాతి నెల పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను.

ఆ పుస్తకం ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం చెబుతాను. పొడవాటి లావు పుస్తకం, ప్రతి పేజీకీ నంబరు ఉంటుంది. సమావేశం తేదీ, హాజరైనవాళ్ల సంతకాలు, తరవాత ఒక్కొక్క అంశం, దాని కింద తీర్మానం. భాష కొంచెం బిగుసుకుని ఉంటుంది, కానీ నాలుగు పేజీలు చదివితే అలవాటవుతుంది. అందులో ఏముందంటే, మన ఊరే ఉంది. సంత ఆశీలు ఎవరు పాడుకున్నారు, ఊర చెరువులో చేపల పాట ఎంతకు పోయింది, పంచాయతీ స్థలంలోని కొబ్బరి చెట్ల ఫలసాయం ఎవరికి ఇచ్చారు, వీధి దీపాల కరెంటు బిల్లు ఎంత బాకీ ఉంది, ఏ మోటారు ఎప్పుడు కాలిపోయింది, దాన్ని ఎవరు ఎంతకు బాగు చేశారు, అన్నీ అందులోనే ఉంటాయి. ఏ పత్రికలోనూ రాని మన ఊరి వార్తలన్నీ ఆ పుస్తకంలో ఎప్పటికప్పుడు రాసి ఉన్నాయి. వాటిని చదివేవాళ్లు మాత్రం లేరు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను గురించి ఈ గదిలో పెద్దవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. వేటకు వెళ్లి తిరిగి రానివాళ్ల పేర్లు పల్లెపాలెంలో ప్రతి ఇంటికీ తెలుసు. తెల్లారేసరికి మన కొబ్బరి తోటలు నేలకు ఒరిగి ఉన్నాయి. ఆ తరవాతి వారాల్లో జరిగిన ఒక సంగతి మాత్రం చెప్పాలి. కూలిన ఇళ్ల జాబితాలు తయారయ్యాయి. పేరు ఉన్నవాళ్లు ఎవరో, లేనివాళ్లు ఎవరో తెలియక ఊరంతా గొడవ. ఒక వీధి వాళ్లు ఇంకో వీధి వాళ్లను అనుమానించడం, నిజంగా ఇల్లు పోయినవాళ్లు నోరు తెరవలేక ఊరుకోవడం, నా కళ్లతో చూశాను. అప్పుడు మేము ముగ్గురు సభ్యులం కలిసి, జాబితా నకలు తీసుకుని, పల్లెపాలెంలో గుడి ముందు అరుగు మీద కూర్చుని మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా పైకి చదివాం. "ఈ ఇంట్లో రెండు కాపురాలు ఉన్నాయమ్మా" అని ఒకరు, "ఆ ముసలమ్మ పేరు రాయలేదు" అని ఇంకొకరు, "మా ఇల్లు పడలేదు, పైకప్పే పోయింది, సరిగ్గా రాయండి" అని మరొకరు, అందరి ముందూ చెప్పారు. రెండు సాయంత్రాల్లో జాబితా సరైంది. ఇల్లు పడలేదని తనంత తానే లేచి చెప్పిన ఆ మనిషిని నేను ఎప్పటికీ మరచిపోను. నలుగురి ముందు పైకి చదివిన కాగితానికి ఎంత బలం ఉంటుందో నాకు ఆ అరుగు మీదే తెలిసింది.

ఇక మంచినీటి సంగతికి వస్తాను, దాని మీద కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి. మన ఊళ్లో బోరు వేస్తే ఉప్పునీరే వస్తుంది. సముద్రం దగ్గర, దానికి తోడు పోటు సమయంలో మురుగు కాలువలు సముద్రంలో కలిసే మొగల గుండా ఉప్పునీరు లోపలికి ఎగదన్నుతుంది. శంకరగుప్తం డ్రైను వెంట కొబ్బరి తోటలు ఎలా మోడులయ్యాయో మీరంతా చూశారు. కాబట్టి మనకు తాగునీరంటే ధవళేశ్వరం నుంచి కాలువలో వచ్చే గోదావరి నీరే. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. కట్టే ముందు మంచినీటి చెరువు నింపుకోవాలి, మళ్లీ నీరు వదిలేదాకా దాంతోనే గడవాలి. చెరువులో పూడిక ఎంత పేరుకుంటే నిల్వ అంత తగ్గుతుంది. చెరువు నీరు ఫిల్టర్ బెడ్ల గుండా దిగి ట్యాంకు ఎక్కుతుంది. ఆ బెడ్లలో పై పొర ఇసుకను వేళకు గీకి తీసి, కొత్త ఇసుక వేయకపోతే నీరు దిగదు, దిగినా పచ్చగా, వాసనతో వస్తుంది.

ఒక వేసవిలో మన కుళాయిల్లో నీరు అలాగే వచ్చింది. చెరువులో ఎవరో ఏదో కలిపారని ఒక పుకారు, పక్కన ఉన్న రొయ్యల చెరువుల నీరు ఊరి చెరువులో కలిసిందని ఇంకో పుకారు, రెండూ ఊరంతా తిరిగాయి. రొయ్యల చెరువు వాళ్లకూ వీధి వాళ్లకూ కొట్లాట దాకా వెళ్లింది. తరవాత తీర్మానాల పుస్తకం తిరగేస్తే, ఫిల్టర్ బెడ్లకు ఇసుక మార్చాలని ఒక తీర్మానం ఉంది. దాని మీద ఖర్చు పద్దు ఎక్కడా లేదు. అనుకున్నారు, చేయలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి అది మరుగున పడింది. ఊరు మొత్తం రెండు నెలల పాటు ఒకరినొకరు అనుమానించుకున్న సంగతికి జవాబు, పంచాయతీ బీరువాలో ఒక పేజీ మీద ఉంది.

ఆ రెండు నెలలు ఎవరికి ఎక్కువ బరువయ్యాయో కూడా చెప్పాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. కాలువలు కట్టే రోజులూ దాదాపు అవే. పల్లెపాలెంలో పడవలు ఒడ్డున ఉండి రోజు కూలి లేని సమయంలోనే కుళాయి నీరు తాగడానికి పనికిరాకుండా పోతే, వాళ్లు ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కోవాలి. ప్రభుత్వం ఇచ్చే నిషేధకాలపు భృతిలో కొంత ఆ టిన్నులకే పోతుంది. మంచినీటి చెరువు పద్దు అంటే నాకు మొదట గుర్తొచ్చేది వాళ్ల వంటింటి బిందె.

మనకు లెక్కలు అర్థం కావని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులంటే వరదకు మొదటి హెచ్చరిక, 13.75 అంటే రెండోది, 17.75 అంటే మూడోది అని గోదావరి లంకల్లో పశువులు కాసే పిల్లవాడు కూడా చెబుతాడు. 1986లో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిందనీ, 2022 జులైలో 25 లక్షలు దాటిందనీ, దాన్ని బట్టి ఏ గట్టు ఎక్కడ బలహీనమో మనవాళ్లు లెక్క కడతారు. కలిసి పనిచేయడం రాదన్నా ఒప్పుకోను. కనుమ నాడు జగ్గన్నతోటకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు ప్రభలు, అంటే శివుడి పేరు మీద వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన చట్రాలు, భుజాల మీద వస్తాయి. పచ్చని చేల మీదుగా నడిపిస్తారు, గంగలకుర్రు ప్రభలను ఎగువ కౌశిక కాలువలో దింపి నీళ్లలోంచి భుజాల మీద దాటిస్తారు. చేను తొక్కారని ఏ రైతూ అడగడు. ఏ ఊరి ప్రభ ఎప్పుడు బయలుదేరుతుందో, ఎవరు ఎక్కడ భుజం పట్టాలో అందరికీ ముందే తెలుసు కాబట్టి అంత పెద్ద పని సాగుతుంది. గ్రామసభకు మాత్రం ఎందుకు రారంటే, అక్కడ ఏం మాట్లాడతారో ముందుగా తెలియదు, పోయినసారి అన్నది ఏమైందో తరవాతా తెలియదు.

స్థానిక పాలన మనకు ఎవరో ఊరికే ఇచ్చినది కాదు. 1874లో కందుకూరి వీరేశలింగం గారు మొదలుపెట్టిన వివేకవర్ధని పత్రిక లంచగొండి అధికారుల సంగతులు బయటపెట్టింది. స్థానిక వార్త రాయడం ఈ గోదావరి ఒడ్డున అంత పాత పని. 1884లో లోకల్ బోర్డుల చట్టం వచ్చింది, 1959లో షాద్‌నగర్‌లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రపు పంచాయతీరాజ్ మొదలైంది. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగినవిగా 29 అంశాలు రాసింది. వాటిలో తాగునీరు ఉంది, చేపల పెంపకం ఉంది, రేవులూ జలమార్గాలూ ఉన్నాయి, సంతలూ తీర్థాలూ ఉన్నాయి, గ్రంథాలయాలూ ఉన్నాయి. మన ఊరిని చూసి రాశారా అనిపిస్తుంది. అయినా 2018 ఆగస్టులో పాలకవర్గాల గడువు ముగిశాక 2021 ఫిబ్రవరి ఎన్నికల దాకా, రెండున్నరేళ్లు రాష్ట్రమంతా సర్పంచులు లేకుండా ప్రత్యేకాధికారులతోనే నడిచింది. ఆ కాలంలో ఈ గదిలో దాని గురించి గట్టిగా చర్చ జరిగిన గుర్తు నాకు లేదు. మనకు తెలియని దాన్ని పోగొట్టుకున్నా మనకు లోటు తెలియదు.

సర్పంచి గారి ఇబ్బందులు నాకు తెలుసు, అనుభవించినదాన్నే. 2021-26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో అరవై శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ మాత్రమే వాడాలని కట్టుబాటు పెట్టారు. మిగిలిన దాంట్లోంచే రోడ్డు కావాలి, దీపం కావాలి అని వీధివీధీ అడుగుతుంది. ఇలాంటి కట్టుబాట్లు ఉంటాయని జనానికి తెలిస్తే, డబ్బు ఉండి కూడా రోడ్డు వేయడం లేదనే నింద సర్పంచి మీద పడదు. లెక్క నలుగురికీ తెలియడం ఆఫీసుకు కూడా రక్షణే.

అందుకని నా ప్రతిపాదన ఒకటే. ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం పది గంటలకు, ఈ గదిలో, అంతకు ముందు నెల తీర్మానాలను పైకి చదువుదాం. విచారణ పెట్టడానికి కాదు, తెలుసుకోవడానికి. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్, ఎవరూ అడగకముందే కార్యాలయాలు తమ సమాచారాన్ని ప్రజల ముందు ఉంచాలని చెబుతోంది. కాబట్టి మనం కొత్త హక్కు ఏదీ కోరడం లేదు. కార్యదర్శి గారితో మాట్లాడాను, నకలు ఇస్తామన్నారు. నకలు ఒకటి పత్రికల బల్ల మీదే ఉంటుంది, ఇంకొకటి పల్లెపాలెం గుడి అరుగు దగ్గర గోడకు అతికిస్తాం. చదవడం రానివాళ్ల కోసం అక్కడ సాయంత్రం మళ్లీ చదువుతాం.

చదవడానికి పదో తరగతి పిల్లలు ఇద్దరు పేర్లు ఇచ్చారు. తీర్మానాల భాష వాళ్లకు అలవాటు కావడానికి ఈ వారం నా దగ్గరకు వస్తున్నారు. వచ్చే ఏడాది పంచాయతీ బడ్జెట్ అంచనాలు ఈ చలికాలంలోనే తయారవుతాయి, కాలువలు కట్టేది వేసవిలో. మధ్యలో ఉన్న ఈ నెలల్లోనే ఇసుకకూ పూడికకూ డబ్బు కేటాయించాలి. కాబట్టి వచ్చే నెల మొదటి ఆదివారం, మంచినీటి చెరువు పద్దుతో మొదలుపెడతాం. మీ ఇంటిపన్ను రసీదు కూడా తెచ్చుకోండి.