బోలు ఆకారాల లోపలి ఘనపరిమాణం: గోడ ఎన్నిసార్లు అడ్డొస్తుంది?

(తెర మీద: తిరుపతిలో ఒక ఇంటి ముందు సంపు. మూత తీసి ఉంది. గోడ మందం మీద టేపు.)

నమస్కారం. తిరుచానూరు రోడ్డు వైపు మా ఇంట్లో ఉన్న సంపు ఇది. బయటి కొలత 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు. మూడూ గుణించి, ఘనపుటడుగుకు 28.3168 లీటర్ల చొప్పున దాదాపు 6,800 లీటర్లు పడుతుందనుకున్నాం. ఒక వేసవిలో 5,000 లీటర్ల ట్యాంకర్ తెప్పించాం. సంపు అంచుదాకా నిండిపోయింది, ట్యాంకర్లో ఇంకా నీళ్లు మిగిలే ఉన్నాయి. డబ్బు మాత్రం మొత్తానికీ కట్టాం.

సంపు కట్టిన మేస్త్రిని అడిగితే ఒకే మాట అన్నాడు: "మీరు కొలిచింది బయట సార్. నీళ్లుండేది లోపల గదా."

మీ ప్రోగ్రామింగ్ హోంవర్క్ మొత్తం ఈ మాటలోనే ఉంది. బయటి కొలతలు, మందం ఇస్తారు, లోపలి ఘనపరిమాణం అడుగుతారు. ఫార్ములా పట్టుకునే ముందు వేలు పెట్టి లెక్కపెట్టండి: ఈ దిక్కున పోతే గోడ ఎన్నిసార్లు అడ్డొస్తుంది?

(తెర మీద: సంపు బొమ్మ. పొడవు వెంబడి వేలు కదులుతుంది.)

పొడవు వెంబడి రెండు గోడలు, ఒక్కొక్కటి 9 అంగుళాలు. అంటే 8 లోంచి ఒకటిన్నర అడుగు పోయి 6.5. వెడల్పులోనూ అంతే, 4.5. లోతులో మాత్రం అడ్డొచ్చేది కింది పలక ఒక్కటే, దాని మందం 6 అంగుళాలు. కాబట్టి అక్కడా 4.5. మూత పైన విడిగా ఉంటుంది, లెక్కలోకి రాదు. మొత్తం 131.625 ఘనపుటడుగులు, అంటే సుమారు 3,727 లీటర్లు. గోడ మందాన్ని రెండుసార్లకు బదులు ఒక్కసారే తీసేస్తే 4,850 వస్తుంది. పిల్లల ప్రోగ్రాముల్లో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే.

స్థూపానికీ ఇదే పద్ధతి. కేంద్రం నుంచి బయటికి పోతే గోడ ఒక్కసారే తగులుతుంది కాబట్టి వ్యాసార్ధంలోంచి మందాన్ని ఒకసారే తీయాలి. ప్రశ్నలో వ్యాసం ఇస్తే రెండుసార్లు. ఎత్తులోంచి ఎంత తీయాలన్నది ఆకారాన్ని బట్టి: రెండు పక్కలా మూసి ఉంటే రెండు మందాలు, మూత లేకపోతే ఒకటి, పైపు అయితే అసలేమీ వద్దు.

గోళంలో గణితం సులభం, టైపింగే ప్రమాదం. బయటి వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు, మందం 1 అనుకుందాం. లోపలిది 9. సరైన జవాబు 3,053.63 ఘన సెంటీమీటర్లు. సీ భాషలోనో జావాలోనో 4/3 అని రాస్తే రెండూ పూర్ణాంకాలు కాబట్టి 1 వస్తుంది, జవాబు 2,290.22 అవుతుంది. 4.0 అని రాయండి. పైథాన్‌లో ఈ బాధ లేదు కానీ, ఘాతానికి టోపీ గుర్తు (^) పెడితే 9 ఘనం 729 కాదు, 10 వస్తుంది. అక్కడ ఆ గుర్తుకు అర్థమే వేరు. రెండు నక్షత్రాలు (**) పెట్టాలి.

ఇప్పుడు శంకువు. ఇక్కడ కాసేపు ఆగుదాం.

(తెర మీద: శెనక్కాయల కాగితం పొట్లం. పక్కన అదే ఆకారంలో మందమైన మట్టి శంకువు, నిలువుగా కోసి.)

పొట్లం కాగితం పల్చన కాబట్టి మందం గురించి ఆలోచించం. అదే మట్టితో చేస్తే? వ్యాసార్ధం 6, ఎత్తు 8, మందం 0.6 అనుకోండి. అందరూ 5.4, 7.4 అని రాసేస్తారు. అది తప్పు. మందాన్ని గోడకు లంబంగా కొలుస్తాం. మనం ఎత్తు వెంబడి దిగుతున్నప్పుడు గోడను ఏటవాలుగా దాటుతాం. అరటికాయను వాలుగా కోస్తే ముక్క పొడవు పెరిగినట్టే, దాటాల్సిన దూరం పెరుగుతుంది.

ఏటవాలు ఎత్తు, అంటే శిఖరం నుంచి అంచుదాకా గోడ పొడవు, 10. శిఖరం దగ్గర 0.6ను 10తో గుణించి 6తో భాగిస్తే 1. లోపలి ఎత్తు 7. అడుగున 0.6ను 10తో గుణించి 8తో భాగిస్తే 0.75. లోపలి వ్యాసార్ధం 5.25. సరిచూద్దాం: బయట 6/8, లోపల 5.25/7, రెండూ 0.75. గోడ అంతటా ఒకే మందంగా ఉందన్నమాట. 5.4ను 7.4తో భాగిస్తే 0.73, అంటే ఆ గోడ ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఘనపరిమాణం 202.04 రావాలి, తప్పు లెక్కలో 225.97 వస్తుంది. అడుగు కూడా అంతే మందంతో మూసి ఉంటే ఎత్తు 6.4, వ్యాసార్ధం 4.8 అవుతాయి.

ఇంకొక్కటి. రెండు పక్కలా మూసిన స్థూపం వ్యాసార్ధం 3, ఎత్తు 20, మందం 5 ఇస్తే? వ్యాసార్ధం మైనస్ 2 అవుతుంది, వర్గం చేయగానే ప్లస్ 4. ఎత్తు 10. ప్రోగ్రాం ఏ అనుమానం లేకుండా 125.66 అని చూపిస్తుంది. లేని ఖాళీకి జవాబు! అందుకే గుణించకముందే లోపలి కొలతలన్నీ సున్నాకంటే ఎక్కువ ఉన్నాయో లేదో చూడండి.

ఇక మీ ప్రోగ్రాం నడపండి. ముందు మందం సున్నా ఇవ్వండి, బయటి ఘనపరిమాణమే రావాలి. తర్వాత మా సంపు కొలతలు ఇవ్వండి. లీటర్లలోకి మారిస్తే సుమారు 3,727 రావాలి.

(తెర మీద: సంపు కొలతలు, కింద ఖాళీ ఇన్‌పుట్ గడి.)