పెండింగ్ అంటే ఎక్కడి దాకా?

(వరంగల్ కొత్తవాడలో దరీల, అంటే జంపఖానాల తయారీదారుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్తే. నన్ను వకీల్ సాబ్ అని పరిచయం చేశారు గానీ, నేను వకీలును కాను. ఇరవై ఏళ్లుగా దరీల బిల్లులు రాసేవాడిని. వకీళ్ల గడప ఎక్కువసార్లు తొక్కాను కాబట్టి పిలిచి ఉంటారు.

ఎందుకు తొక్కానో ముందు చెప్తాను. బయటి రాష్ట్రంలోని ఒక షోరూమ్ మాకు 120 దరీల ఆర్డర్ ఇచ్చింది. 50 పంపాం. 30 నేసి మడత పెట్టి ఉంచాం. మిగతా 40కి నూలు రంగులద్దించి మగ్గాలెక్కించాం. అప్పుడొచ్చింది మెయిల్: ‘ఒప్పందం ముగిస్తున్నాం, పెండింగ్ ఆర్డర్లన్నీ క్యాన్సిల్.’ కాగితం తీసి చూస్తే నిజంగానే ఆ షరతు ఉంది. పెండింగ్ అంటే ఏమిటో మాత్రం నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. వాళ్ల లెక్కలో డబ్బు కట్టనిదంతా పెండింగే, ఆఖరికి పంపిన 50 కూడా. నా లెక్కలో మగ్గం ఎక్కనిదే పెండింగ్, అంటే ఒక్కటీ లేదు.

2018లో వరంగల్ దరీకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. కానీ ఒప్పందం మాత్రం ఇప్పటికీ కొనేవాళ్లు రాసి పంపిందే, మనం చదవకుండా సంతకం పెట్టిందే.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆర్డర్ అనేది వాళ్లు పెట్టిన ప్రతిపాదన మాత్రమే. మనం ఒప్పుకున్నామని జవాబు పంపేలోపు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. పంపాక అది ఒప్పందం. ఊరికే మాట తప్పితే సెక్షన్ 73 కింద నష్టపరిహారం అడగొచ్చు. అంటే మనం పెండింగ్ అనే ఒక్క మాటలో రెండు వేరు వేరు సంగతులు దాచేస్తున్నాం: ఇంకా ఒప్పుకోనిది, ఒప్పుకుని ఇంకా పంపనిది. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటే ఇంకా తంటా. అది ధరకు సరే అన్నదా, గడువుకా, రంగుకా?

కాబట్టి తేదీ పెట్టించండి. ‘రద్దు నోటీసు అందిన రోజుకు మేము రాతపూర్వకంగా ఒప్పుకుని, ఇంకా ట్రాన్స్‌పోర్టులో వేయనివి పెండింగ్ ఆర్డర్లు’ అని ఒక్క వాక్యం చాలు. లారీ రసీదు తేదీయా, షోరూమ్‌లో దిగిన తేదీయా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. దాని కిందే ఇంకో వాక్యం: మగ్గం ఎక్కినవి పూర్తి చేసి ఇస్తాం, మీరు తీసుకోవాలి, ఎక్కనివి రద్దైనా అద్దిన నూలు ఖర్చు మీదే.

విడతలుగా పంపుతామంటే అదీ రాయాలి. 1930 నాటి వస్తువిక్రయ చట్టం ప్రకారం ముందే ఒప్పుకుంటే తప్ప, కొనేవాడు విడతలుగా తీసుకోవాల్సిన పని లేదు. పన్ను సంగతీ అంతే. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు చేతిలో ఉన్న పాత ఆర్డర్లకు ఎవరు ఎంత కట్టాలని ఎంత టెన్షన్ పడ్డామో మీకు గుర్తుండే ఉంటుంది. ఒప్పందంలో వేరే మాట లేకపోతే, పెరిగిన పన్ను ధరకు కలుపుకోవచ్చని, తగ్గితే తగ్గించి ఇవ్వాలని అదే 1930 చట్టంలోని సెక్షన్ 64ఎ చెప్తుంది. అప్పుడు మాకు ఆ సెక్షన్ ఉందని కూడా తెలియదు.

ఇక పంపిన సరుకు. అది పెండింగ్ ఆర్డర్ కాదు, రావలసిన బాకీ. ఉద్యమ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన చిన్న తయారీదారుకు, గడువు ఎంత రాసుకున్నా, 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం చెప్తుంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. నమోదు చేసుకోనివాళ్లు ఈ వారమే చేసుకోండి, ఫీజు లేదు.

మా 50 దరీల డబ్బు ఏడు నెలలకు వచ్చింది. మడత పెట్టిన 30 ధర తగ్గించి తీసుకున్నారు. మగ్గం మీది 40 మాకే మిగిలాయి. ఇప్పుడు మీరు కూర్చున్న జంపఖానాలు అవే. అంచులో షోరూమ్ పేరు నేయించుకున్నారు, అందుకే అంచు మడిచి కుట్టించాం.