విండోస్‌లో లినక్స్ టూల్స్: డబ్ల్యూఎస్ఎల్ కావాలా, గిట్ బ్యాష్ సరిపోతుందా?

(అనంతపురం స్టూడియోలో రికార్డు చేసిన చర్చ. పాల్గొన్నవారు: ఇంజినీరింగ్ కాలేజీ అధ్యాపకురాలు, వర్షపాతం లెక్కలు చూసే డేటా ఉద్యోగి, ఫైనలియర్ విద్యార్థి.)

యాంకర్: నమస్కారం. మన ల్యాబుల్లో, ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేవి విండోస్ కంప్యూటర్లే. ఇంటర్వ్యూకు పోతే అడిగేది మాత్రం లినక్స్ టూల్స్: షెల్ స్క్రిప్టు (కమాండ్లను వరసగా రాసిన ఫైలు), మాటలు వెతికే గ్రెప్, వరసలను విడగొట్టే ఆక్. ఈ రెండింటికీ పొత్తు కుదిరేదెట్లా? విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ కావాలా, యూనిక్స్ కమాండ్లు కొట్టుకునే చిన్న విండో గిట్ బ్యాష్ సరిపోతుందా? మేడమ్, మీతో మొదలుపెడదాం.

అధ్యాపకురాలు: పొత్తు కొత్తదేం కాదండీ. జెనిక్స్ పేరుతో, లినక్స్‌కు నమూనా అయిన యూనిక్స్‌ను మైక్రోసాఫ్టే 1980లో ప్రకటించింది. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీలో యూనిక్స్ తరహా ప్రోగ్రాముల కోసం పోసిక్స్ సబ్‌సిస్టమ్ అని ఒకటి ఉండేది, పేరుకు మాత్రమే అనుకోండి. జనానికి అక్కరకొచ్చింది, విండోస్‌లో యూనిక్స్ టూల్స్ వాడుకోనిచ్చే సిగ్విన్. సిగ్నస్ కంపెనీలో స్టీవ్ చాంబర్లేన్ 1995లో దాన్ని మొదలుపెట్టారు.

విద్యార్థి: అంటే లినక్స్ ప్రోగ్రాములు సిగ్విన్‌లో నేరుగా నడుస్తాయా మేడమ్?

అధ్యాపకురాలు: నడవవు నాన్నా. సోర్సు తెచ్చుకుని సిగ్విన్ కోసం మళ్లీ కంపైల్ చేయాలి. యూనిక్స్ కాల్స్‌ను, అంటే ప్రోగ్రామ్ సిస్టమ్‌ను అడిగే పనులను, విండోస్ కాల్స్‌గా మార్చే పని డీఎల్ఎల్ అనే ఒక లైబ్రరీ ఫైలు చూసుకుంటుంది. చిక్కంతా ఫోర్క్ దగ్గర. ఒక ప్రాసెస్ తన నకలు తానే తీసుకోవడం యూనిక్స్‌కు చిటికెలో పని. విండోస్‌లో ఆ సదుపాయం లేదు కాబట్టి సిగ్విన్ నానా తంటాలు పడి ఆ నకలు తయారుచేస్తుంది. లూపులో వందలసార్లు చిన్న కమాండ్లను పిలిచే స్క్రిప్టు అక్కడ నత్తనడకే.

డేటా ఉద్యోగి: అందుకే మేం డబ్ల్యూఎస్ఎల్‌కు పోయినాం. 2016లో వచ్చిన మొదటిది లినక్స్ కాల్స్‌ను అప్పటికప్పుడు తర్జుమా చేసేది. రెండోది 2019లో ప్రకటించినారు. అందులో అసలు లినక్స్ కెర్నలే, అంటే దాని గుండెకాయే, ఒక చిన్న వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లో) నడుస్తాది. ఫోర్క్ బాధ లేదు, ఉబుంటు అనే లినక్స్ రకం ప్యాకేజీలన్నీ ఉన్నవున్నట్టు పనిచేస్తాయి. ఇంక వేరేదాంతో పనేముంది?

అధ్యాపకురాలు: మీ ఆఫీసు మెషీన్ల సంగతి నాకు తెలీదు గానీ, 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాబులో పెట్టి చూడండి సార్. కట్టడి చేయకపోతే మెమరీలో సగం దాకా అదే తీసుకోగలదు. కంప్యూటర్ మూల సెట్టింగులు ఉండే బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉండాలి, అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. ఆ పాస్‌వర్డ్ ఉన్నాయన సెలవులో ఉంటాడు! గిట్ బ్యాష్‌కైతే పోర్టబుల్ రకం ఉంది, పెన్‌డ్రైవులో పెట్టుకున్నా నడుస్తుంది. గ్రెప్, సెడ్, ఆక్, పెర్ల్ అందులోనే వస్తాయి.

యాంకర్: మరి ఎవరికి ఏది అని తేల్చేదెట్లా?

డేటా ఉద్యోగి: ర్యామ్ సంగతి మేడమ్ చెప్పినట్లే. నన్నడిగితే ముందు చూడాల్సింది ఫైళ్లు యాడున్నాయని. ఎక్సెల్ ఫైళ్లన్నీ సీ డ్రైవ్‌లో పెట్టి, డబ్ల్యూఎస్ఎల్ 2 లోపల్నుంచి వాటిని తెరిస్తే, ప్రతి ఫైలూ రెండు సిస్టమ్‌ల సరిహద్దు దాటి రావాల. చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఆ ఆలస్యం కంటికి కనపడతాది. ఫైళ్లు ఆడుంటే గిట్ బ్యాషే మేలు, ఒప్పుకుంటా. ప్రాజెక్టంతా లినక్స్ వైపు హోమ్ డైరెక్టరీలో పెట్టుకునేవాళ్లకు డబ్ల్యూఎస్ఎల్.

విద్యార్థి: నాకైతే టూల్స్ కంటే తెలుగుతోనే తంటా సార్. జిల్లా పేర్లు తెలుగులో ఉన్న సీఎస్‌వీని (కామాలతో విడదీసిన పట్టిక ఫైలును) విండోస్ పైథాన్‌తో తెరిస్తే ఎర్రర్ వస్తుంది. అదే ప్రోగ్రామ్ ఉబుంటులో నడుస్తుంది.

డేటా ఉద్యోగి: అది భలే తమాషా, చెప్తా వినండి. మనవైపు విండోస్‌లో మామూలుగా ఉండేది 1252 కోడ్‌పేజీ, అంటే ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక. ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి, చెప్పకపోతే పైథాన్ దాన్నే వాడుకుంటాది. అన్ని భాషలకూ పనికొచ్చే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8లో మన అక్షరానికి, గుణింతం గుర్తుకు కూడా, మూడేసి బైట్లు. ఉకారం కొమ్ముకు మూడో బైటు హెక్సాలో (పదహారు అంకెల లెక్కలో) 81, పొల్లుకు 8డీ. 1252లో ఆ రెండు గళ్లూ ఖాళీ. అందుకే ‘అనంతపురం’, ‘కర్నూలు’ చదవబోతే ప్రోగ్రామ్ ఆగిపోతాది. ‘కడప’లో కొమ్ము లేదు, పొల్లు లేదు. అది ఎర్రర్ ఇవ్వకుండా పిచ్చి గుర్తులుగా మారి లోపలికి పోతాది.

అధ్యాపకురాలు: అసలు ప్రమాదం ఆ కడపతోనే. ఎర్రర్ వస్తే కనీసం తెలుస్తుంది.

డేటా ఉద్యోగి: అవును మేడమ్. ఓపెన్ దగ్గర ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయడం అలవాటు చేసుకోవాల. పైథాన్ 3.15 నుంచి డిఫాల్టుగా అదే ఉండేటట్లు నిర్ణయించినారు. ఎక్సెల్‌తో ఇంకోటుంది. యూటీఎఫ్-8 సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఫైలు మొదట్లో కంటికి కనపడని మూడు బైట్లు చేరుస్తాది. మొదటి కాలమ్ పేరు సరిగ్గానే కనపడతాది, పోల్చితే మాత్రం కలవదు.

అధ్యాపకురాలు: విండోస్‌లోని ఇంకో కమాండ్ విండో పవర్‌షెల్ పాతది, అంటే 5.1, అవుట్‌పుట్‌ను ఫైలులోకి మళ్లిస్తే యూటీఎఫ్-16 అనే వేరే ఎన్‌కోడింగ్‌లో రాస్తుంది. గ్రెప్‌తో వెతికితే ఏమీ దొరకదు, పిల్లలేమో గ్రెప్‌ను తిట్టుకుంటారు. నోట్‌ప్యాడ్‌లో రాసిన షెల్ స్క్రిప్టుది ఇంకో గోల, లైను చివర కంటికి కనిపించని క్యారేజ్ రిటర్న్ గుర్తు మిగిలిపోతుంది. దానికి డాస్‌టుయూనిక్స్ ఉంది, ఒక్క కమాండుతో పోతుంది.

యాంకర్: చివరి ప్రశ్న, బాబూ, నీదే.

విద్యార్థి: కమాండ్ ప్రాంప్ట్‌లో ఫైండ్ అని కొడితే పుస్తకంలో ఉన్నట్టు పనిచేయదెందుకు?

అధ్యాపకురాలు: అది వేరే ఫైండ్. విండోస్‌కు సొంత ఫైండ్, సొంత సార్ట్ సిస్టమ్32 అనే దాని ఫోల్డరులో ఉన్నాయి. విండోస్ ఫైండ్ ఫైలులోపలి మాటలను వెతుకుతుంది, యూనిక్స్‌ది ఫైళ్లనే వెతుకుతుంది. ప్రాంప్ట్‌లో కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా, అంటే పాత్ వరసలో సిస్టమ్32 ముందొస్తుంది కాబట్టి విండోస్‌దే పలుకుతుంది. గిట్ బ్యాష్ విండో తెరిచి అదే కమాండ్ కొట్టు, పుస్తకంలో ఉన్నదే వస్తుంది.