కొండగట్టు పాదయాత్రకు బయలుదేరే స్వాములతో

(హనుమకొండలో హనుమాన్ దీక్షాస్వాముల సమావేశంలో చేసిన ప్రసంగం)

మాల వేసుకున్న స్వాములందరికీ, మీ నియమానికి భంగం కలగకుండా ఇంట్లో అన్నీ చూసుకుంటున్న అమ్మలకు, అక్కచెల్లెళ్ళకు జై శ్రీరామ్.

చైత్ర పౌర్ణమి, అంటే చిన్న హనుమాన్ జయంతి దగ్గర పడింది. మన బృందం ఏకాదశి నాడు సాయంత్రం కదులుతుంది. మీలో చాలామందికి ఇదే మొదటి పాదయాత్ర కాబట్టి నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఒంటి గురించి చెప్పాలా, భక్తి గురించి చెప్పాలా అని నేను అడగలేదు. ఎండాకాలంలో వంద కిలోమీటర్లకు పైగా వట్టి కాళ్ళతో నడిచేవాడికి ఆ రెండూ విడివిడిగా ఉండవు.

కొండగట్టు అంజన్న కథ మీకు తెలిసిందే. అయినా మళ్ళీ చెప్తాను, అందులో మనం పెద్దగా పట్టించుకోని మాట ఒకటుంది. సింగం సంజీవుడని ఒక పశువుల కాపరి. మందలోంచి ఒక పశువు తప్పిపోతే గుట్టంతా తిరిగి తిరిగి, అలసిపోయి చెట్టు కింద నడుం వాల్చాడు. కలలో ఆంజనేయస్వామి కనిపించాడు. "నేను ఇక్కడ కోరంద పొదలో ఉన్నాను. నాకు ఎండా వానా ముళ్ళూ తగలకుండా చూడు" అన్నాడు. నీ పశువు జాడ అదిగో అని చూపించాడు. సంజీవుడు పొద తొలగించి, స్వామిని కళ్ళారా చూసి, చిన్న గుడి కట్టాడు.

సంజీవని పర్వతాన్ని పెకిలించి తెచ్చినవాడు పశువులు కాసుకునే మనిషిని నీడ అడిగాడు, స్వాములారా! మనం కోరికలన్నీ మూటగట్టుకుని గట్టు ఎక్కుతాం. ఆ గట్టు మీద మొట్టమొదట చెయ్యి చాచింది మాత్రం స్వామే. మనకేమో పక్కన నడిచే మనిషిని "కొంచెం ఆగుదామా" అని అడగాలంటే నామోషీ.

దారిలో కళ్ళు తిరిగి పడిపోయే స్వాములను నేను చూశాను. పడిపోవడానికి గంట ముందు నుంచే వాళ్ళకు ఒంట్లో బాగుండదు. తల దిమ్ముగా ఉంటుంది, పిక్కలు పట్టేస్తాయి. నా ఒక్కడి కోసం అందరూ ఆగాలా, చూసేవాళ్ళు ఏమనుకుంటారు, మొక్కు తప్పినట్టు అవుతుందేమో అని లోలోపలే టెన్షన్ పడుతూ నడుస్తారు. దాన్ని అందరూ ఓర్పు అంటారు. నేను అహం అంటాను. 41 రోజులు నేల మీద పడుకుని, చన్నీళ్ళు పోసుకుని, ఒంటిపూట భిక్ష చేసి మనం వదిలించుకోవాలనుకున్నది దాన్నే కదా!

ఈ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు మైనాకుడి సంగతి తీస్తారు. సముద్రం మధ్యలో మైనాకుడు లేచి విశ్రాంతి తీసుకోమంటే, హనుమంతుడు చేత్తో తాకి, మధ్యలో ఆగనని మాట ఇచ్చానని చెప్పి సాగిపోయాడు కదా, మనం మాత్రం ఎందుకు ఆగాలి అంటారు. కాని అక్కడ సుగ్రీవుడు పెట్టిన నెల గడువు అప్పటికే దాటిపోయింది. లంకలో సీతమ్మ ఎలా ఉందో తెలియదు. మనకు అంత తొందరేముంది? పైగా దానికి కొంచెం ముందే, ఒడ్డున అందరూ దిగులుగా కూర్చున్నప్పుడు, హనుమంతుడికి తన బలమేమిటో జాంబవంతుడే చెప్పాల్సి వచ్చింది. ఒకరు చెప్తే విని లేచిన స్వామి ఆయన. అందుకే మన బృందంలో ప్రతి ఇద్దరినీ ఒక జంట చేస్తున్నాం. గంటకోసారి ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. అడగడం మీకు చేతకాకపోతే మీ జంటస్వామి మీ తరఫున అడుగుతాడు.

ఇక దారి సంగతి. హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజూరాబాద్, కేశవపట్నం, మానకొండూరు మీదుగా కరీంనగర్. ఇక్కడి నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. అక్కడి నుంచి గంగాధర మీదుగా గట్టు దాకా ఇంకో 35. రోజుకు 25 కిలోమీటర్లకు మించి నడవం. తెల్లవారుజామున 3 గంటలకు లేచి కదిలితే 8 గంటలకల్లా నీడ పట్టున ఉండాలి. మళ్ళీ సాయంత్రం 6 తర్వాతే. 5 గంటలకు ఎండ తగ్గినట్టే కనిపిస్తుంది కాని, తారు రోడ్డు పగలంతా తాగిన వేడిని అప్పుడే వదలదు. ముందు అరచెయ్యి రోడ్డు మీద ఆనించి చూడండి. చెయ్యి నిలవకపోతే కాలూ నిలవదు.

వెన్నెల కూడా లెక్కలోకి వస్తుంది. చిన్న జయంతికి మనం శుక్లపక్షంలో నడుస్తాం కాబట్టి సాయంత్రం నడకంతా వెన్నెల్లో సాగుతుంది. ఏకాదశి, ద్వాదశి తిథుల్లో మాత్రం తెల్లవారుజామున చంద్రుడు కుంకిపోయి ఉంటాడు, టార్చి తప్పనిసరి. వైశాఖ బహుళ దశమికి, అంటే పెద్ద జయంతికి వెళ్ళేవాళ్ళకు ఇది తలకిందులవుతుంది. పొద్దుగూకాక చీకటి, తెల్లవారుజామున వెన్నెల. పెద్ద జయంతికి ఎండ కూడా ఇంకా ముదిరి ఉంటుంది.

కాళ్ళ గురించి కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను. చెప్పులు వేసుకోకపోవడం నియమం. దీక్ష మొదలైనప్పటి నుంచీ రోజూ వట్టి కాళ్ళతో నడిచినవాళ్ళకు అరికాలు గట్టిపడి ఉంటుంది. భద్రకాళి చెరువు కట్ట మీద నడిచి సరిపెట్టుకున్నవాళ్ళు మాత్రం ఈ రెండు మూడు రోజులైనా కంకర దారిలో నడవండి, ఎందుకంటే మన రోడ్డు అంచులు అంత సాఫీగా ఉండవు. ఎక్కడ కూర్చున్నా మొదటి పని కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు కూడా తుడిచి ఆరబెట్టుకోవడం. తడి కాలికే బొబ్బలు తొందరగా వస్తాయి. బొబ్బ లేస్తే పై తోలు పీకకండి. శుభ్రంగా కడిగి, మెత్తటి గుడ్డ కట్టి, ఒక పూట బండి ఎక్కండి. బృందం వెంట ట్రాలీ ఆటో వస్తున్నది అందుకే. ఎక్కినవాడి మొక్కు ఎక్కడికీ పోదు.

షుగర్ ఉన్న స్వాములు చెప్పులు వేసుకునే నడవాలి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. షుగర్ ముదిరితే పాదాలకు స్పర్శ తగ్గుతుంది. కాలు కాలుతున్నా తెలియదు, గాజు పెంకు గుచ్చుకున్నా తెలియదు. ఆ పుండు మానక, చివరికి వేలో పాదమో తీసేయాల్సి వచ్చిన కుటుంబాలు మన చుట్టుపక్కల ఎన్ని లేవు! చెప్పులు వేసుకున్నావని అంజన్న అలగడు. మందులు కూడా మానొద్దు. ఒంటిపూట భిక్షతో ఆ మందులు ఎలా వేసుకోవాలో బయలుదేరేలోపే మీ డాక్టరును అడగండి. డాక్టరు రెండు పూటలా తినమంటే తినండి.

నీళ్ళు దాహం వేశాక కాదు, వేయకముందే తాగాలి. అంబలి, పలుచని మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు భిక్ష కింద లెక్కకు రావు, మొహమాటపడకుండా తాగండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు అయిపోతే లీటరు మంచినీళ్ళలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అన్నీ తలకొట్టుగా కొలిచి కలపండి. ఎవరికైనా ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, ఎక్కడున్నాడో తెలియకుండా పోయినా, చెమట పట్టినా పట్టకపోయినా అది వడదెబ్బే అనుకోండి. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి.

దారిలో అక్కడక్కడ కాకతీయ కాలువ కనిపిస్తుంది. నీళ్ళు చూడగానే దిగాలనిపిస్తుంది, దిగొద్దు. సిమెంటు గట్లు జారుతాయి, లోపల వడి ఎక్కువ, పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

రాత్రి నడకలో ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడివైపు, ఒకరి వెనక ఒకరు నడవాలి. కాషాయం చీకట్లో కనిపించదు. ప్రతి ఒక్కరి వీపు మీదా, సంచి మీదా రేడియం స్టిక్కర్ ఉండాలి. కరీంనగర్ దగ్గర గ్రానైట్ లారీలు వస్తుంటాయి, పాటల హోరులో వాటి హారన్ వినబడదు కాబట్టి సౌండ్ బాక్సు వద్దన్నాను. నోటితో భజన చేద్దాం. నెమ్మదిగా నడిచేవాళ్ళు అందరికన్నా ముందుంటారు, వాళ్ళ నడకే బృందం నడక. కుర్ర స్వాములకు ఇది నచ్చదని తెలుసు. కాని ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో గోండుల నాగదేవత నాగోబాకు గోదావరి జలం తేవడానికి హస్తినమడుగు దాకా వట్టి కాళ్ళతో వెళ్ళే మెస్రం వంశీయులను చూడండి. పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజును తీసుకుని అడవి దారిన మేడారం నడిచే పెనక వంశీయులను చూడండి. ఒక వంశమంతా కలిసి కదిలే నడకలో ముందెవరు చేరారన్న ప్రశ్నే రాదు.

యాసంగి కోతల కాలం కాబట్టి రోడ్డు మీద వడ్ల కుప్పలుంటాయి. కుప్పల చుట్టూ రాళ్ళు పెడతారు, చీకట్లో వేళ్ళకు తగులుతాయి. వడ్లు తొక్కకండి, పరదాల మీద కూర్చోకండి.

ఒక ఏడు హుజూరాబాద్ దాటాక తెల్లవారకముందే ఒక కుప్ప దగ్గర ఆగాం. కాపలాకు పడుకున్న పెద్దమ్మ మా అలికిడికి లేచింది. అడక్కుండానే క్యాన్ వంచి సత్తు చెంబుతో ఒక్కొక్కరికీ నీళ్ళు పోసింది. క్యాన్ ఖాళీ అవుతున్నా ఆపలేదు. మాలో కొంచెం కలిగిన స్వామి ఒకాయన ఆమె చేతిలో యాభై రూపాయలు పెట్టబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "నీళ్ళకు పైసలిస్తరా బిడ్డా? అంజన్న కాడ నా పేరు చెప్పు, సాలు" అంది. ఆ స్వామికి నోట మాట రాలేదు. ఎప్పుడూ తానే పెట్టి అలవాటైన మనిషి. కొండ మీద తన గోత్రనామాలు చదివించినప్పుడు ఆమె పేరు కూడా చదివించాడు. అప్పటి నుంచి మా బృందంలో ఒక చిన్న నోటుబుక్కు పెట్టాం. నీళ్ళిచ్చినవాళ్ళు, అరుగు మీద చోటిచ్చినవాళ్ళు, స్కూలు వరండా తాళం తీసిచ్చినవాళ్ళు, అందరి పేర్లూ రాసుకుంటాం. ఈసారి ఆ పుస్తకం కొత్త స్వాముల దగ్గర ఉంటుంది. పేరు అడిగేటప్పుడు నిలబడి, చేతులు జోడించి అడగండి.

గట్టు కిందికి చేరాక తొందరపడకండి. ఘాట్ రోడ్డులో 2018 సెప్టెంబర్ 11న బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. చాలామంది చుట్టుపక్కల పల్లెలవాళ్ళే. అక్కడ ఒక నిమిషం ఆగి దండం పెట్టుకుందాం. జయంతి రోజు క్యూలో గంటలు గంటలు పడుతుంది, ఆ సమయానికి కూడా నీళ్ళు దాచుకోండి. మాల విరమణ అయ్యాక తిరుగు ప్రయాణం బస్సులోనే. నాలుగు రాత్రులు సరిగా నిద్రలేని మనిషి బండి నడపకూడదు. తీసుకుపోవడానికి ఇంటివాళ్ళు వస్తే వాళ్ళే నడపాలి.

నేను చెప్పాల్సింది ఇంతే. ఇప్పుడు మీరు అడగండి. షుగర్, బీపీ ఉన్నవాళ్ళు, గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్ళు మాత్రం ముందు నా దగ్గరికి రండి, మీ పేర్లు రాసుకుని జంటలు కలపాలి.